సీనాయి దారిలో మేం తినని భోజనం

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఇరుగుపొరుగు వాళ్లు గిన్నెలో ఏదైనా వండి తెస్తే, చెయ్యి చాచే ముందు గడపలోనే అడుగుతాం: "దేవునికి పెట్టిన్రా, పెట్టలేదా?" పెట్టామంటే వందనాలు చెప్పి తిప్పి పంపుతాం. జనగామలో మా వీధివాళ్లకు ఇది ఎంతగా అలవాటైందంటే, మా ఎదురింటి అవ్వ పండుగ నాడు వంట కాగానే మా కోసం ఒక గిన్నె ముందే తీసి పక్కన పెట్టేది. "తీస్కో బిడ్డా, గిది ఇంక పోచమ్మ మొఖం సూడలే" అని నవ్వుతూ అందించేది. ఆమె నవ్వులో ఎగతాళి ఉందో ప్రేమ ఉందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అడగడం మాకు భక్తి. ఆదివారం బడిలో పిల్లలకు నేనే నేర్పాను.

మా అన్నకు ఆ అలవాటు లేదు. అతను చిట్యాలలో ఉంటాడు, పత్తీ మిరపా వేస్తాడు. వదిన పుట్టిల్లు కాటారం అవతల ఒక ఊరు. కొన్నేళ్ల కింద వాళ్ల తమ్ముడింట్లో పోచమ్మ పండుగ చేసి, యాటను కోసి, అన్నను పీటమీద కూర్చోబెట్టి వడ్డించారు. అన్న తిన్నాడు. ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు. తర్వాతి ఆదివారం తనే పోయి అయ్యగారికి చెప్పాడు. "తినకపోతే మా అత్త ఏడ్సేటట్టున్నది అయ్యగారూ. తిన్న" అన్నాడు.

అయ్యగారు మా పాస్టరు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా మా సంఘాలను ఆయనే చూసుకుంటారు. కోపిష్టి కాదు, కానీ వాక్యం విషయంలో సడలింపు తెలియనివారు. అన్నను బల్లకు దూరం పెట్టారు. అంటే నెలకోసారి ప్రభువు బల్ల ఆచరించేటప్పుడు రొట్టె, ద్రాక్షారసం అతనికి ఇవ్వరు. సంఘం ముందు నిలబడి "తప్పయింది" అని ఒక్క మాట చెబితే మళ్లీ ఇస్తారు. అన్న ఆ మాట చెప్పలేదు.

"తిన్నది నిజం చెల్లే. తప్పని అనిపిస్తలేదు. అనిపియ్యకుండ దేవుని ముంగట ఎట్ల చెప్పాలె?" అనేవాడు నాతో.

అలాగని సంఘం మానలేదు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. బల్ల నాడు వెనుక వరుసలో, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పళ్లెం తన ముందు నుంచి దాటిపోయేటప్పుడు తల వంచుకునేవాడు. పక్క వరుసలో వదిన రొట్టె నోట్లో పెట్టుకుని కొంగుతో కళ్లు తుడుచుకునేది.

అందుకే అయ్యగారు పరిశుద్ధ దేశ యాత్రకు ఒక గుంపును తీసుకుపోతున్నారని, అందులో అన్న పేరు ఇచ్చాడని తెలిసినప్పుడు నేను నమ్మలేదు. నేనూ పోతున్నాను కాబట్టి ఫోన్ చేసి అడిగాను.

"సీనాయి కొండ కింద అయ్యగారు బల్ల పెడ్తడట గద," అన్నాడు. "ఆడ చెప్తా. తిన్నందుకు కాదు, సంఘాన్ని బాధపెట్టినందుకు చెప్తా. గది తప్పే. అయ్యగారిని అడిగిన, సరే అన్నడు."

"ఇక్కడ చెప్పరాదా అన్నా?"

"ఇన్నేండ్లు ఈడ కూసొని చెప్పకపోతి. నోరు రాదే. మీ వదినకు చెప్పిన, అచ్చినంక ఇద్దరం ఒక్క పళ్లెంల నుంచి తీస్కుంటమని. జర పార్థన చెయ్యి."

ఆ యాత్రలో మిగతావాళ్లు ఏం చూడటానికి బయలుదేరారో గానీ, నేను మాత్రం ఆ ఒక్క సాయంత్రం కోసం బయలుదేరాను.

ఐగుప్తులో దిగి, కైరో దాటి, రెండు సముద్రాలను కలిపే కాలువ కింద సొరంగంలోంచి బస్సు సీనాయి వైపు వచ్చాక అందరం కిటికీలకు అతుక్కున్నాం. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు తిరిగిన అరణ్యం. చిన్నప్పటి నుంచి బొమ్మల్లో చూసిన ఇసుక తిన్నెల కోసం వెతుకుతున్నాం. ఎక్కడా ఇసుక లేదు. గులకరాళ్లు, బోడి గుట్టలు, మధ్య మధ్య సైనికుల తనిఖీ గదులు, సెల్ టవర్లు. బయ్యారం నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది మాతో. ఊరగాయలు, కారప్పొడి, అటుకులు సంచి నిండా మోసుకొచ్చి బస్సంతా పంచేది. ఆమె కిటికీ లోంచి చూసి గట్టిగా నిట్టూర్చింది.

"గిదేందే, మన జనగామ గుట్టలే గద! గీ రాళ్లు సూసేటందుకా ఇమానం ఎక్కింది?"

"అక్కా, జనగామను గంత తీసెయ్యకు" అన్నాడు అన్న వెనుక నుంచి. "మా చెల్లె కొట్టగల్గుతది."

"నీ చెల్లె కొడ్తె కొట్టనియ్, ముందుగాల గీ బస్సుల ఏసీ పెట్టుమను."

అందరం నవ్వాం. అన్న అంత తేలికగా మాట్లాడటం చూసి చాలా కాలమైంది. కిటికీ అవతల అక్కడొకటి అక్కడొకటి తుమ్మ చెట్లు కనిపిస్తుంటే అయ్యగారు మైకు అందుకుని, పది ఆజ్ఞల పలకలు దాచిన మందసం చేసింది ఆ తుమ్మకర్రతోనేనని చెప్పారు. అందరం "స్తోత్రం" అన్నాం. నాకు ఆ చెట్ల మీద నుంచి కళ్లు తిప్పబుద్ధి కాలేదు. లేఖనంలో చదివిన కర్ర ఎండలో నిలబడి నీడనిస్తోంది.

కొండకు ఇంకా చాలా దూరం ఉందనగా బస్సు ఆగిపోయింది. ఇంజను కింద నుంచి ఆవిరి. మా గైడు ఐగుప్తు యువకుడు, ఇంగ్లీషు బాగా మాట్లాడేవాడు. వేరే బస్సు రావాలి, సాయంత్రం లోపు తప్పకుండా కొండ చేరతాం అన్నాడు. ఏసీ ఆగిన బస్సులో కూర్చోలేక కిందికి దిగాం. నిలబడటానికి నీడ లేదు.

రోడ్డుకు కాస్త దూరంలో రేకుల కప్పు వేసిన రెండు గదులు, వాటి ముందు గొర్రె బొచ్చు కంబళ్లతో వేసిన పందిరి ఉన్నాయి. అక్కడి నుంచి తెల్లటి పొడుగు చొక్కా వేసుకున్న ముసలాయన గబగబా నడిచి వచ్చాడు. వస్తూనే చెయ్యి గుండె మీద పెట్టుకుని, రెండో చేత్తో పందిరి చూపించాడు. ఏమంటున్నాడో గైడు చెప్పక ముందే అర్థమైంది. ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని మరీ నడిపించాడు. కంబళ్లు పరిచాడు. ఇంట్లోంచి ఆడవాళ్లు బిందెతో నీళ్లు తెచ్చి మా ఆడవాళ్ల చేతుల మీద పోశారు.

ఎండ వేళ ముగ్గురు అపరిచితులు కనిపిస్తే గుడార ద్వారం నుంచి పరుగెత్తి వెళ్లి, కాళ్లకు నీళ్లు ఇచ్చి, చెట్టు కింద కూర్చోబెట్టి, రొట్టెలు చేయించి, లేత దూడను కోయించిన బైబిల్లోని పితరుని కథ నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. అది నా కళ్ల ముందు జరుగుతుంటే నాకు గుర్తు రాలేదు. నాకు ఇల్లు గుర్తొచ్చింది, కాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి, బస్సు ఎప్పుడొస్తుందోనని రోడ్డు వైపు చూశాను.

చిన్న గాజు గ్లాసుల్లో తీపి టీ ఇచ్చాడు. ఏదో ఆకు వేసిన వాసన. నిప్పుల మీద, బూడిదలో కాల్చిన పెద్ద రొట్టెను చేత్తో కొట్టి దులిపి, విరిచి, ఒక్కొక్కరికీ తనే అందించాడు. అందరం తిన్నాం. బయ్యారం అక్క తన సీసా తీసి అతని రొట్టె ముక్క మీద ఇంత మామిడికాయ తొక్కు వేసింది. ముసలాయన తిని, కళ్లనీళ్లు పెట్టుకుని, నోరు ఊదుకుంటూ నవ్వాడు.

"పాపం, తాతకు మంట పుట్టిచ్చినవ్ గదనే!" అని అందరూ ఆమెను ఆటపట్టించారు.

బస్సు రాలేదు. చాలాసేపటికి ఇద్దరు మనుషులు ఇంటి వెనుక నుంచి పెద్ద పళ్లెం మోసుకొచ్చారు. అన్నం, దాని మీద మాంసం. ఆవిరి ఇంకా లేస్తోంది. మా కోసం యాటను కోశాడని అప్పుడు తెలిసింది. పళ్లెం మధ్యలో పెట్టి, ముసలాయన తను కూర్చోకుండా నిలబడ్డాడు. అతిథులు తినే దాకా ఇంటివాడు కూర్చోడని గైడు చెప్పాడు.

చేతులు పళ్లెం వైపు వెళ్తున్నాయి. అప్పుడు బయ్యారం అక్క మామూలుగా, తన ఇంటి గడపలో నిలబడి అడిగినట్టే గైడును చూసి అడిగింది.

"ఏం బాబూ, గీ యాటను ఎట్ల కోసిన్రు? ఎవ్వలకన్న మొక్కిన్రా?"

ఆమె మాటల్లో తప్పు పట్టే ఉద్దేశం ఏమీ లేదు. మాలో ఎవరైనా అడిగేవాళ్లే. ఆమె అడగకపోతే బహుశా నేనే అడిగేదాన్ని. ఎవరో దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. గైడు మా సంతోషం కోసం, ఎంతో గర్వంగా, దేవుని పేరు పలికే కోశారు, హలాల్, ఏ అనుమానం పెట్టుకోవద్దు అన్నాడు.

చేతులు ఆగిపోయాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జనగామలో ఆదివారం ఆరాధన కాగానే మేమంతా మాంసం కొనే దుకాణాలు ముస్లింలవే. మా పెళ్లిళ్లకు యాటను కోసేది ముల్లానే. అక్కడ ఎవరమూ అడగం. అంగడిలో అమ్మేదాన్ని విచారించకుండా తినమని అపొస్తలుడు రాశాడు కదా అనుకుంటాం. ఇది ఫలానా వారికి అర్పించిందని ఎవరైనా తెలియజేస్తే మాత్రం తినవద్దని కూడా ఆయనే రాశాడు. అడగనంత వరకు ఒక వాక్యం, అడిగాక ఇంకో వాక్యం. మేం అడిగేశాం.

అయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. "తెలిసినంక తినలేం" అని మాతో మెల్లగా అన్నారు. ముసలాయన మనసు నొప్పించకూడదని, గైడు వైపు తిరిగి ఇంగ్లీషులో, మేం ఈ రోజు ఉపవాసంలో ఉన్నాం, క్షమించమని చెప్పమన్నారు.

గైడు చెప్పాడు. ముసలాయన మా ఒళ్లలో పడి ఉన్న రొట్టె పొడి వైపు చూశాడు. టీ గ్లాసుల వైపు చూశాడు. నేను చీర కుచ్చిళ్లు దులుపుకున్నాను. దులుపుకున్నాక ఎందుకు దులుపుకున్నానా అనిపించింది.

"ఉపవాసమని ఎందుకు చెప్పిన్రు అయ్యగారూ?" అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. "ఇప్పుడే గద రొట్టె తింటిమి. గాయన చేత్తోనే తింటిమి."

"ఇంకేం చెప్పాలె నాయినా? నీదాంట్ల మాకు పనిలేదని చెప్పాల్నా?"

"తింటె అయిపాయె."

"నువ్వు మల్ల గదే చేస్తవా?" అన్నారు అయ్యగారు. కోపం కాదు, బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు. "ఇయ్యాల సాయంత్రం నీకు బల్ల ఉన్నది. ఒక్క పూట ఓర్చుకోరాదా? నేను నిన్ను ఇంత దూరం తెచ్చింది దానికే."

"నేనొచ్చింది గూడ దానికే అయ్యగారూ" అన్నాడు అన్న.

కొద్దిసేపు నా వైపు చూశాడు. వద్దన్నట్టు తల ఊపాను. అతను పళ్లెం దగ్గరకు జరిగి కూర్చుని, కళ్లు మూసుకుని, మా ఇంట్లో అన్నం ముందు చేసే ప్రార్థనే చేశాడు. తర్వాత తినడం మొదలుపెట్టాడు. ముసలాయన వచ్చి అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మంచి మంచి ముక్కలు ఏరి, ఎముక నుంచి విడదీసి, అన్న ముందు పెట్టసాగాడు. అంత పెద్ద పళ్లెం. తినేది ఒక్కడు. చుట్టూ మేమంతా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. బస్సు వచ్చినప్పుడు ఆ పళ్లెం దాదాపు నిండుగానే లోపలికి వెళ్లింది. మేం వందనాలు చెప్పాం. ముసలాయన మళ్లీ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. అన్న అతన్ని కౌగిలించుకుని బస్సెక్కాడు.

బస్సులో నేను అయ్యగారి పక్కకు వెళ్లి, అంగడి వాక్యం గుర్తు చేశాను. "అన్న తిన్నది లెక్కలోకి తీసుకోకండి, ఈ ఒక్కసారికి" అన్నాను. ఆయన తర్వాతి వాక్యం చెప్పారు. రెండూ నిజమే. నా సీటుకు తిరిగి వచ్చేశాను. మూడో వాక్యం ఒకటి దొరికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొండ కింద బసలో, చెప్పినట్టే, బల్ల పెట్టారు. కిటికీలో ఎర్రటి రాతి కొండ. తెల్లగుడ్డ కప్పిన పళ్లెం. అయ్యగారు అన్నను పేరు పెట్టి పిలిచారు. అన్న ముందుకు వచ్చి నిలబడ్డాడు. అందరికీ తెలుసు ఎందుకో.

"కాటారం దానికి చెప్పేటందుకు వచ్చిన" అన్నాడు. "ఇయ్యాల్టిదానికి గూడ చెప్పాల్నా అయ్యగారూ?"

అయ్యగారు పళ్లెం మీది గుడ్డ సర్దారు. "రెండూ ఒక్కటే గద నాయినా" అన్నారు.

"ఒక్కటే. అందుకే చెప్పలేకపోతున్న. గాయన ముంగట తిని, మీ ముంగట తప్పైందంటే, నేను ఎవలకు అబద్ధం చెప్పినట్టు?"

చేతులు జోడించి అందరికీ వందనం చేసి బయటికి వెళ్లాడు. తలుపు మెల్లగా వేసుకుని మరీ వెళ్లాడు. పళ్లెం నా దగ్గరకు వచ్చింది. నేను రొట్టె తీసుకున్నాను. నా విశ్వాసం ప్రకారం అది తీసుకోకుండా ఉండటం నా వల్ల కాదు. కానీ తింటున్నంతసేపూ తలుపు వైపే చూశాను.

మిగతా యాత్రంతా అన్న అందరి సంచులూ మోశాడు. ముసలివాళ్లను మెట్లెక్కించాడు. బయ్యారం అక్క "నా నోరు పడిపోను, నేనెందుకు అడిగితిని!" అని ఏడిస్తే, "నువ్వు అడగకపోతే ఇంకో అక్క అడుగుతుండె, ఊకో" అని నవ్వించాడు. ఇంటికి వచ్చాక మాత్రం సంఘానికి రావడం మానేశాడు. వదిన ఒక్కతే వచ్చేది.

కొన్ని నెలల తర్వాత అయ్యగారు మా ఇంటికి వచ్చి, చిట్యాలకు తోడు రమ్మన్నారు. దారిలో అన్నారు: "అబద్ధమాడొద్దని రాసిచ్చిన కొండకు పోతా పోతా అబద్ధం చెప్పిన్నమ్మా. మీ అన్న తిన్నదానికంటే నేను చెప్పింది పెద్దది. ఇన్ని రోజులు పట్టింది నాకు సమజయ్యేసరికి."

వదిన కోడికూర వండింది. అయ్యగారు ఎక్కడిదని అడగలేదు. కంచంలో ఏదీ మిగల్చకుండా తిన్నారు. చేతులు కడుక్కుని వచ్చి అన్న ముందు కూర్చుని, "నాయినా, ఈ ఆదివారం రా. ఏం చెప్పాల్సిన పన్లేదు. నేనే సంఘం ముంగట చెప్తా" అన్నారు.

వదిన కంచాలు పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమె ముఖం నిండా ఆశ.

అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యగారి చేతులు పట్టుకున్నాడు. "మీ మీద నాకేం లేదు అయ్యగారూ. ఆనాడే లేకుండె. గాని బల్ల దగ్గరికి పోయే ముందుగాల, ఎవలికన్న మన మీద ఏమన్న ఉంటె పోయి సమాధానపడి రమ్మని మీరే గద చెప్పేది. గాయన మందల నుంచి యాటను కోసిండు. పళ్లెం పట్టుకొని నిండుగ లోపలికి పోయిండు. గాయన దగ్గరికి ఎవలు పోవాలె? మీరు పోయి వచ్చినా సరే, నేను పోయి వచ్చినా సరే. అప్పుడు వస్త."

"గా తాత ఏడున్నడో ఎవలికెరుక?" అంది వదిన.

"గదే నేను గూడ అంటున్న" అన్నాడు అన్న.

తిరుగు దారిలో అయ్యగారు ఆ ముసలాయన పేరేమిటని నన్నడిగారు. నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. మర్నాడు గైడుకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. మమ్మల్ని గుర్తుపట్టి గైడు సంతోషించాడు. అయ్యగారు ఇంగ్లీషులో, మాట మాటకూ ఆగి ఆగి, ఆ రోజు మేం ఉపవాసంలో లేమని చెప్పారు.

"తెలుసు సార్. ఆ ముసలాయనకు కూడా తెలుసు" అన్నాడు గైడు.

ఆ ఇల్లు ఎక్కడో కనుక్కుని, ఆయనకు మా క్షమాపణ చెప్పగలవా అని అడిగారు. ఆ దారిలో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయట. మేతను బట్టి కొందరు కదిలిపోతుంటారట కూడా. అటువైపు వెళ్లినప్పుడు అడుగుతానన్నాడు. తర్వాత అయ్యగారు రెండు మూడుసార్లు చేశారు. ఇంకా అటు వెళ్లలేదన్నాడు ఒకసారి. వెళ్లాను, కానీ పందిరి కనిపించలేదన్నాడు ఇంకోసారి.

ఇప్పుడు బల్ల నాడు అయ్యగారు, "మీలో ఎవరితోనైనా సమాధానం లేనివారు ముందు వెళ్లి సమాధానపడండి" అనే చోటికి వచ్చి ఆగిపోతారు. సంఘం ఆయన మౌనంగా ప్రార్థిస్తున్నారనుకుని తలలు వంచుతుంది. వదిన వంచదు. ఆయన ఆ వాక్యం దాటి ముందుకు వెళ్లే దాకా ఆయన్నే చూస్తూ కూర్చుంటుంది. కాసేపటికి ఆయన ముందుకు వెళ్తారు. ఏం చేస్తారు, పళ్లేలు పంచాలి కదా.